యాప్‌లో ఫోటోలు, వీడియో ఎంచుకోవడం: గ్యాలరీ పర్మిషన్ తీసేయండి, చేతికి రాగానే కాపీ చేసుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. తర్వాత చదివేవాళ్ల కోసం దాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. రైతులు పాత ట్రాక్టర్లు, రోటవేటర్లు, స్ప్రేయర్లు తమలో తాము అమ్ముకునే యాప్ ఒకటి ఆండ్రాయిడ్‌కి కోట్లిన్ భాషలో చేస్తున్నారు. ప్రకటనకి ఐదు ఫోటోలు, ఒక చిన్న వీడియో పెట్టుకునే వీలు కావాలి. ఇప్పుడున్న ఇబ్బందులు నాలుగు. ఫోటో, వీడియో పర్మిషన్ల కారణం చూపి ప్లే స్టోర్ అప్‌డేట్‌ని తిప్పి పంపింది. కొందరి ఫోటోలు ఎంచుకున్నాక అప్‌లోడ్ కావడం లేదు, లాగ్‌లో సెక్యూరిటీ ఎక్సెప్షన్ (అనుమతి లేదని సిస్టమ్ ఇచ్చే ఎర్రర్) కనిపిస్తోంది. తక్కువ ర్యామ్ ఫోన్లలో యాప్ చప్పుడు లేకుండా మూసుకుపోతోంది, కొన్ని ఫోటోలు అడ్డంగా పడుతున్నాయి. వీడియోలు మరీ పెద్దవి వస్తున్నాయి. ఆపైన ఐఫోన్ యాప్ కూడా రాయాలి.

ఇవి విడివిడి సమస్యల్లా కనిపిస్తున్నా మొదటి రెండిటికీ మూలం ఒకటే. మీరు గ్యాలరీ మొత్తం చూసే హక్కు అడుగుతున్నారు, ఆ తర్వాత చేతికొచ్చినదాన్ని మీ సొంత ఫైలు అనుకుని వాడుతున్నారు. నిజానికి యూజర్ ఒక ఫోటో ఎంచుకున్నప్పుడు సిస్టమ్ మీకిచ్చేది ఆ ఫోటోని కాసేపు చదువుకోవడానికి ఒక చీటీ. దాన్ని అలా చూడటం మొదలుపెడితే కోడ్‌లో సగం మార్పులు వాటంతటవే తడతాయి.

ముందు పర్మిషన్ సంగతి. పాత రోజుల్లో స్టోరేజ్ పర్మిషన్ ఒకటి అడిగితే ఫోన్‌లో ఉన్నదంతా దొరికేది. ఆండ్రాయిడ్ 10లో స్కోప్డ్ స్టోరేజ్ (యాప్ నేరుగా చూడగలిగే ఫైళ్లకి హద్దు పెట్టే పద్ధతి) వచ్చింది, 13లో ఆ స్టోరేజ్ పర్మిషన్‌ని విడగొట్టి రీడ్ మీడియా ఇమేజెస్, రీడ్ మీడియా వీడియో అని వేరే పర్మిషన్లు పెట్టారు, 14లో యూజర్ "కొన్ని ఫోటోలే ఇస్తాను" అనే వీలు కూడా వచ్చింది. వీటిమీద గూగుల్ ప్లే 2023లో ఒక విధానం ప్రకటించి 2025లో గట్టిగా అమలు చేసింది. దాని సారాంశం ఇంతే: గ్యాలరీ యాప్, ఫోటో ఎడిటర్ లాంటివి తప్ప, ఎప్పుడో ఒకసారి ఒకటో రెండో ఫోటోలు తీసుకునే యాప్‌లకి ఈ పర్మిషన్లు ఉండకూడదు, సిస్టమ్ ఇచ్చే పికర్ (ఫోటోలు ఎంచుకునే తెర) వాడుకోవాలి. మీది కచ్చితంగా రెండో రకం. అప్పీల్ రాసి టైమ్ వృథా చేసుకోకండి, మీ వైపు వాదన లేదు. అలా ఉండటమే మంచిది కూడా. ట్రాక్టర్ ఫోటో పెట్టడానికి వచ్చిన మనిషి ఫోన్‌లో ఇంటి ఆడపిల్లల ఫోటోలుంటాయి, ఆధార్ కార్డు, పాస్‌బుక్ ఫోటోలుంటాయి, వాటి దగ్గరికి మన యాప్ వెళ్లగలగడం ఎందుకు?

మ్యానిఫెస్ట్‌లోంచి (యాప్ అడిగే పర్మిషన్లు రాసి ఉండే ఫైలు) ఆ లైన్లు తీసేశాక కూడా చాలామందికి మళ్లీ అదే మెయిల్ వస్తుంది, టెన్షన్ పడతారు. కారణాలు రెండు. ఒకటి, మీరు రాయకపోయినా ఏదో లైబ్రరీ తన మ్యానిఫెస్ట్‌లో ఆ పర్మిషన్ పెట్టుకుని ఉంటుంది, బిల్డ్ అప్పుడు అది మీదాంట్లో కలిసిపోతుంది. ఆండ్రాయిడ్ స్టూడియోలో మ్యానిఫెస్ట్ తెరిచి కింద "మెర్జ్‌డ్ మ్యానిఫెస్ట్" ట్యాబ్‌లో చూడండి, ఏ లైబ్రరీ నుంచి వచ్చిందో అక్కడే తెలుస్తుంది. టూల్స్ నోడ్ రిమూవ్ పెట్టి తీసేయొచ్చు. రెండోది ఇంకా చిరాకు పెట్టేది: ఎప్పుడో ఇంటర్నల్ టెస్టింగ్‌కో క్లోజ్డ్ టెస్టింగ్‌కో పంపి మరిచిపోయిన పాత బండిల్ (ప్లేకి పంపిన యాప్ ఫైలు) ఆ ట్రాక్‌లో ఇంకా బతికే ఉంటుంది. అందులో పర్మిషన్ ఉంటే రివ్యూలో అదీ లెక్కలోకి వస్తుంది. అన్ని ట్రాక్‌లకీ కొత్త బిల్డ్ పంపండి.

ఇక దాని బదులు పెట్టాల్సింది ఫోటో పికర్. ఆండ్రాయిడ్‌ఎక్స్ యాక్టివిటీ లైబ్రరీలో పిక్ విజువల్ మీడియా అని ఒక కాంట్రాక్ట్ (పికర్‌ని తెరిచి ఫలితం తెచ్చే సిద్ధమైన కోడ్) ఉంది, ఒకటే ఎంచుకోవడానికి అది, ఎక్కువ ఎంచుకోవడానికి పిక్ మల్టిపుల్ విజువల్ మీడియా. లైబ్రరీ 1.7 లేదా ఆపై వెర్షన్ వాడండి. ఈ పికర్ ఆండ్రాయిడ్ 13తో వచ్చినా, 11, 12 ఫోన్లకి సిస్టమ్ అప్‌డేట్ల ద్వారా చేరింది. అంతకన్నా పాతవాటికి, ఆండ్రాయిడ్ గో ఫోన్లకి గూగుల్ ప్లే సర్వీసెస్ ద్వారా తెప్పించుకోవచ్చు, దానికి మ్యానిఫెస్ట్‌లో ఒక చిన్న సర్వీస్ ఎంట్రీ రాయాలి, ఆండ్రాయిడ్ డాక్యుమెంటేషన్‌లో అది అచ్చంగా ఉంది, కాపీ చేసుకుంటే చాలు. ఇవేవీ కుదరని ఫోన్లో లైబ్రరీ తనంతట తానే పాత డాక్యుమెంట్ పికర్ తెరుస్తుంది. కాబట్టి మీరు వెర్షన్ల వారీగా ఇఫ్, ఎల్స్ రాయక్కర్లేదు.

పికర్‌ని తెరిచే లాంచర్‌ని రిజిస్టర్ చేయడం మాత్రం యాక్టివిటీ (యాప్‌లో ఒక తెర) లేదా ఫ్రాగ్మెంట్ (తెరలో ఒక భాగం) మొదలయ్యేటప్పుడే, అంటే క్లాస్ ఫీల్డ్‌గానో ఆన్‌క్రియేట్‌లోనో జరగాలి. బటన్ నొక్కినప్పుడు రిజిస్టర్ చేస్తే క్రాష్ అవుతుంది. మీరు పెట్టిన కోడ్‌లో అలాగే ఉంది, అందుకే చెబుతున్నాను.

ఐదు ఫోటోలు, ఒక వీడియో అన్న లెక్కని పికర్‌కి చెప్పే మార్గం లేదు. మొత్తం ఆరు అని చెప్పగలం, అప్పుడు ఒకాయన ఆరు వీడియోలు ఎంచుకుంటాడు. నేనైతే రెండు బటన్లు పెడతాను. "ఫోటోలు ఎంచుకోండి" అన్నది ఫోటోలు మాత్రమే చూపించేలా, "వీడియో ఎంచుకోండి" అన్నది ఒకే వీడియోకి. బటన్ మీద "మీడియా" అని రాయకండి, పల్లెల్లో ఆ మాటకి టీవీ ఛానళ్లే గుర్తొస్తాయి. "గ్యాలరీ నుంచి ఫోటోలు" అంటే అందరికీ అర్థమవుతుంది. ఇంకో రెండు చిక్కులు: మల్టిపుల్ కాంట్రాక్ట్‌కి గరిష్ఠ సంఖ్య ఒకటి ఇస్తే అది ఎక్సెప్షన్ విసురుతుంది, కనీసం రెండు ఉండాలి. అప్పటికే నాలుగు పెట్టిన యూజర్‌కి ఇంకొక్కటే మిగిలినప్పుడు సింగిల్ కాంట్రాక్ట్ పిలవాలి. రెండోది, పాత డాక్యుమెంట్ పికర్ ఈ గరిష్ఠ సంఖ్యని అసలు పట్టించుకోదు, ఐదు అంటే పన్నెండు కూడా తెచ్చి ఇస్తుంది. కాబట్టి ఫలితం వచ్చాక మీరే మళ్లీ లెక్కపెట్టి, ఎక్కువైతే మొదటి ఐదు ఉంచుకుని, మిగతావి తీసుకోలేదని స్క్రీన్ మీద స్పష్టంగా చెప్పండి. చెప్పకుండా వదిలేస్తే ఆయన తన ఫోటో ఎటు పోయిందా అని వెతుక్కుంటాడు.

ఇప్పుడు అసలు విషయం, మీ సెక్యూరిటీ ఎక్సెప్షన్. పికర్ మీకు ఒక కంటెంట్ యూఆర్‌ఐ (ఆ ఫోటోని సూచించే చిరునామా, నేను పైన చీటీ అన్నది ఇదే) ఇస్తుంది. ఆ యూఆర్‌ఐని చదివే అనుమతి మీ యాప్ ఆగిపోయేదాకా, లేదా ఫోన్ రీస్టార్ట్ అయ్యేదాకా మాత్రమే. మీరేం చేస్తున్నారంటే ఆ యూఆర్‌ఐని స్ట్రింగ్‌గా మార్చి డేటాబేస్‌లో పెట్టి, తర్వాత వర్క్‌మేనేజర్ (యాప్ వెనక పనులు నడిపే లైబ్రరీ) జాబ్‌లో తెరుస్తున్నారు. మీ టేబుల్ మీద ఫోన్లో, వైఫై ఉండగా, రెండు సెకన్లలో అప్‌లోడ్ అయిపోతుంది కాబట్టి అంతా బాగుంటుంది. చేలో ఉన్న మనిషికి సిగ్నల్ ఉండదు. యాప్ వెనక్కి వెళ్తుంది, ఫోన్ దాన్ని చంపేస్తుంది, గంట తర్వాత నెట్ వచ్చి జాబ్ మొదలైతే చీటీ గడువు తీరిపోయి ఉంటుంది.

నేను ఈ దెబ్బ స్వయంగా తిన్నాను. కొన్నేళ్ల కింద ఒక సంస్థలో పంట నష్టం ఫోటోలు తీసి పంపే యాప్ మీద పనిచేశాను. ఫీల్డ్ స్టాఫ్ పగలంతా ఊళ్లు తిరిగి ఫోటోలు ఎంచుకుని ఫారాలు నింపేవాళ్లు, రాత్రి టౌన్‌కి వచ్చాక అవన్నీ అప్‌లోడ్ అవ్వాలి. మేమూ యూఆర్‌ఐలే దాచాం. మొదటి వారంలోనే ఒక బృందం ఫారాలన్నీ ఫోటోలు లేకుండా సర్వర్‌కి చేరాయి. ఫోటోలు ఫోన్లలోనే ఉన్నాయి, కానీ ఏ ఫోటో ఏ రైతు ఫారానిదో యాప్‌కి తెలియదు. ఆ ఫీల్డ్ స్టాఫ్ ఎండలో మళ్లీ అవే పొలాలకి వెళ్లాల్సి వచ్చింది. అప్పట్నుంచి నేను ఏ ప్రాజెక్ట్‌లో చేరినా మొదట వెతికేది, యూఆర్‌ఐని స్ట్రింగ్‌గా ఎక్కడైనా దాస్తున్నారా అని.

మందు తేలికే: ఫలితం రాగానే, వేరే ఏ పనీ పెట్టుకోకుండా, దాన్ని మీ యాప్ సొంత ఫోల్డర్‌లోకి తెచ్చుకోండి. క్యాష్ ఫోల్డర్‌లో కాదు, స్థలం తక్కువైతే సిస్టమ్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. ఫైల్స్ డైరెక్టరీలో "పంపాల్సినవి" అని ఒక ఫోల్డర్ పెట్టుకుని, అప్‌లోడ్ పూర్తయ్యాక మీరే చెరిపేయండి. అనుమతిని నిలిపి ఉంచుకునే దారి కూడా ఉంది, టేక్ పర్సిస్టబుల్ యూఆర్‌ఐ పర్మిషన్ అని. కానీ దానితో యూఆర్‌ఐ బతికున్నా యూజర్ మధ్యలో గ్యాలరీలోంచి ఆ ఫోటో తీసేస్తే మీకు మిగిలేదేమీ లేదు. మీ అవసరానికి కాపీయే సరైనది.

కాపీ చేసేటప్పుడు ఫైల్ పాత్ కోసం వెతకొద్దు. పాత సమాధానాల్లో కనిపించే "యూఆర్‌ఐ నుంచి అసలు పాత్ తీయడం" అనే పొడుగాటి ఫంక్షన్ మీ కోడ్‌లోనూ ఉంది, దాన్ని తీసేయండి. కంటెంట్ రిజాల్వర్‌తో ఇన్‌పుట్ స్ట్రీమ్ తెరిచి చదువుకోవడమే. ఫైలు పేరు కూడా అవతలి నుంచి వచ్చింది వాడొద్దు. వేరే యాప్ ఇచ్చే పేరులో చుక్కలు, గీతలతో మీ ఫోల్డర్ బయటికి రాసే ప్రమాదం ఉంది, అదీగాక రెండు ఫోటోలకి ఒకే పేరు రావచ్చు. ఒక యూయూఐడీ (మళ్లీ రాని ప్రత్యేక గుర్తు) తయారుచేసి అదే పేరు పెట్టండి, రకం మాత్రం కంటెంట్ రిజాల్వర్‌లో గెట్ టైప్‌ని అడగండి. సైజ్ కాలమ్ ఖాళీగా రావచ్చు, దానిమీద లెక్కలు కట్టకండి.

ఇంకొకటి చాలామందికి తట్టదు. పికర్‌లో కనిపించే ఫోటో ఫోన్‌లోనే ఉందన్న గ్యారంటీ లేదు. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయి ఫోన్‌లోంచి తీసేసినవి కూడా అక్కడ కనిపిస్తాయి. అలాంటిది ఎంచుకుంటే మీరు తెరిచేటప్పుడు అది నెట్ నుంచి దిగాలి. మెయిన్ థ్రెడ్ (తెరని నడిపేది) మీద తెరిస్తే యాప్ బిగుసుకుపోతుంది, నెట్ లేకపోతే ఫైల్ దొరకలేదన్న ఎక్సెప్షన్ వస్తుంది. కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ థ్రెడ్, థంబ్‌నెయిల్ స్థానంలో తిరిగే చక్రం, రాకపోతే "ఈ ఫోటో ఫోన్లో లేదు, నెట్ ఉన్నప్పుడు మళ్లీ ప్రయత్నించండి" అనే మాట. ఐదిట్లో ఒకటి రాకపోతే మిగతా నాలుగు ఆగిపోకూడదు.

తక్కువ ర్యామ్ ఫోన్లలో మూసుకుపోవడం గురించి. జేపెగ్ ఫైలు 4 ఎంబీయే కదా అనుకుంటాం. కానీ తెర మీద చూపించాలన్నా, సైజ్ తగ్గించాలన్నా దాన్ని విప్పాలి, విప్పితే ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు. 12 మెగాపిక్సెల్ ఫోటో, అంటే 4000 ఇంటూ 3000, విప్పితే 48 ఎంబీ. 50 మెగాపిక్సెల్ మోడ్‌లో తీసింది 8160 ఇంటూ 6120 అయితే దాదాపు 200 ఎంబీ. మీరు ఐదిటినీ ఒకేసారి విప్పుతున్నారు. ఆండ్రాయిడ్ 8 నుంచి ఈ పిక్సెళ్లు జావా హీప్‌లో కాకుండా నేటివ్ మెమరీలో ఉంటాయి కాబట్టి అవుట్ ఆఫ్ మెమరీ ఎర్రర్ రాకుండానే సిస్టమ్ మీ ప్రాసెస్‌ని నేరుగా చంపేయొచ్చు. క్రాష్ రిపోర్ట్‌లో ఏమీ దొరకడం లేదని మీరు రాశారు, కారణం ఇదే అయ్యుంటుంది.

ఒకదాని తర్వాత ఒకటి చేయండి, పూర్తి సైజ్‌లో ఎప్పుడూ విప్పకండి. ఆండ్రాయిడ్ 9 నుంచి ఇమేజ్ డీకోడర్ ఉంది, విప్పేటప్పుడే ఎంత సైజ్ కావాలో చెప్పొచ్చు. అంతకుముందు ఫోన్లకి బిట్‌మ్యాప్ ఫ్యాక్టరీలో ఇన్ శాంపుల్ సైజ్ 2 పెడితే ఆ 48 ఎంబీ 12కి దిగుతుంది. పొడవైన వైపు 1600 పిక్సెళ్లు, జేపెగ్ క్వాలిటీ 80, మీలాంటి యాప్‌కి ఇది చాలు. ట్రాక్టర్ టైర్ అరుగుదల, ఇంజిన్ దగ్గర ఆయిల్ కారడం ఆ సైజ్‌లో స్పష్టంగా కనిపిస్తాయి, నేను పోల్చి చూసుకునే ఈ అంకె పెట్టుకున్నాను. తెర మీద చిన్న బొమ్మలకి మాత్రం మీరేమీ రాయకండి, గ్లైడ్ లేదా కాయిల్ లైబ్రరీ వాడండి.

అడ్డంగా పడే ఫోటోలు. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా కెమెరాలు పిక్సెళ్లని అడ్డంగానే దాచి, ఎగ్జిఫ్‌లో (ఫోటో ఫైలులోనే ఉండే వివరాలు) "చూపించేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు" అని ఒక అంకె రాస్తాయి, తరచూ కనిపించేది 6. బిట్‌మ్యాప్ ఫ్యాక్టరీ ఆ అంకెని చూడదు. పైగా మీరు బిట్‌మ్యాప్‌ని మళ్లీ జేపెగ్‌గా రాసినప్పుడు ఎగ్జిఫ్ మొత్తం పోతుంది, అంటే తిప్పాలన్న సమాచారమే పోతుంది, ఇక సర్వర్ కూడా ఏమీ చేయలేదు. ఇమేజ్ డీకోడర్ దీన్ని తనే చూసుకుంటుంది. బిట్‌మ్యాప్ ఫ్యాక్టరీ వాడే చోట ఎగ్జిఫ్ ఇంటర్‌ఫేస్ లైబ్రరీతో ముందు ఆ అంకె చదివి, తిప్పి, ఆ తర్వాత జేపెగ్‌గా రాయండి. ఎగ్జిఫ్ పోవడంలో ఒక మేలు ఉంది: ఫోటో ఎక్కడ తీశారో చెప్పే జీపీఎస్ వివరం కూడా పోతుంది. అమ్మకానికి పెట్టిన ట్రాక్టర్ ఏ ఇంటి పెరట్లో ఉందో ముక్కూమొహం తెలియనివాళ్లకి చెప్పడం ప్రమాదం. సర్వర్ వైపు కూడా ఎగ్జిఫ్ తీసేసే మెట్టు ఒకటి పెట్టండి.

పికర్ తెరిచి ఉన్నప్పుడు, ఇంకా ఎక్కువగా కెమెరా తెరిచినప్పుడు, చిన్న ఫోన్లలో మీ యాక్టివిటీయే చచ్చిపోయి మళ్లీ పుడుతుంది. యూజర్ అప్పటికే ధర, మోడల్, నడిచిన గంటలు అన్నీ టైప్ చేసి ఉంటాడు. తిరిగొచ్చేసరికి ఫారం ఖాళీ. అలా జరిగిన మనిషి మళ్లీ మొదటి నుంచి నింపడు, యాప్ తీసేస్తాడు. ఫారం విలువలు, ఎంచుకున్న ఫైళ్ల జాబితా సేవ్డ్ స్టేట్ హ్యాండిల్‌లోనో, నాకు ఇంకా నచ్చే పద్ధతి, డ్రాఫ్ట్‌గా రూమ్ డేటాబేస్‌లోనో ఎప్పటికప్పుడు రాసేయండి. అయితే పెద్ద డేటా బండిల్‌లో (తెర స్థితి దాచే సంచి, పైన చెప్పిన ప్లే బండిల్ కాదు) పెట్టకండి, బైండర్ (ప్రాసెస్‌ల మధ్య డేటా మోసేది) బఫర్ ప్రాసెస్ మొత్తానికి 1 ఎంబీయే, ఫోటోని బేస్64 (అక్షరాలుగా మార్చే పద్ధతి) చేసి ఇంటెంట్‌లో పంపితే క్రాష్ ఖాయం. ఫైలు పేర్లు చాలు.

కెమెరాతో నేరుగా తీసే బటన్ కూడా పెడతానన్నారు. టేక్ పిక్చర్ కాంట్రాక్ట్, ఫైల్ ప్రొవైడర్ వాడితే కెమెరా పర్మిషన్ అవసరం లేదు, ఎందుకంటే తీసేది ఫోన్ కెమెరా యాప్. కానీ మీ మ్యానిఫెస్ట్‌లో కెమెరా పర్మిషన్ రాసి ఉంటే (మీకు క్యూఆర్ స్కానర్ ఉందిగా, రాసే ఉంటుంది) యూజర్ దాన్ని ఇవ్వనంతవరకూ ఇదీ సెక్యూరిటీ ఎక్సెప్షన్ ఇస్తుంది. అప్పుడు అడగక తప్పదు.

వీడియో దగ్గర ఆగి ఆలోచించాలి. పికర్‌లో "30 సెకన్లలోపు వీడియోలే చూపించు" అనే అవకాశం లేదు, ఎంచుకున్నాక మనమే చూసుకోవాలి. మీడియా మెటాడేటా రిట్రీవర్ వ్యవధి చెబుతుంది. ఎక్కువుంటే "వీడియో పెద్దది" అని తిప్పి పంపే యాప్‌లే ఎక్కువ, నాకది నచ్చదు. వీడియో కత్తిరించే యాప్ కోసం ఆ రైతు ఎక్కడికి వెళ్తాడు? ఇంజిన్ స్టార్ట్ చేసి చూపించిన వీడియో ఆయన దగ్గర ఒక్కటే ఉంటుంది, అది రెండు నిమిషాలుంటుంది. మీడియా3లో ట్రాన్స్‌ఫార్మర్ అనే లైబ్రరీ ఉంది, మొదలు చివర చెబితే ఆ ముక్క మాత్రమే తీసి, అదే పనిలో సైజ్ కూడా తగ్గిస్తుంది. ఎక్కడ మొదలుపెట్టాలో జరుపుకునే ఒక చిన్న పట్టీ ఇవ్వండి, అంతకు మించి ఎడిటింగ్ ఏమీ వద్దు.

ఎంత తగ్గించాలి అంటే 720పీ, హెచ్.264 (వీడియోని కుదించే ఒక పద్ధతి), సెకనుకి 2 మెగాబిట్లు. 30 సెకన్లకి 60 మెగాబిట్లు, అంటే 7.5 ఎంబీ, శబ్దంతో కలిపి 8కి అటూఇటూ. తగ్గించకుండా పంపితే ఎంత ఉంటుందో తెలియాలంటే ఐఫోన్ సెట్టింగ్స్‌లో రాసి ఉన్న అంకెలు చూడండి: హై ఎఫిషియెన్సీలో 1080పీ 30 ఫ్రేముల వీడియో నిమిషానికి దాదాపు 60 ఎంబీ, 4కే అయితే దాదాపు 170 ఎంబీ. దానికన్నా కొత్త పద్ధతి హెచ్‌ఈవీసీలో ఇంకా చిన్నదవుతుంది కదా అని అటు వెళ్లకండి, చూసేవాడి పాత ఫోన్లోనో బ్రౌజర్‌లోనో ఆడకపోతే ఆ మిగులు దేనికి? హెచ్‌డీఆర్‌లో (వెలుగునీడలు ఎక్కువగా పట్టే పద్ధతి) తీసిన వీడియోలు మామూలుగా మారిస్తే వెలిసిపోయిన చీరలా కనిపిస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్‌లో టోన్ మ్యాపింగ్ పెట్టే సెట్టింగ్ ఉంది, పెట్టండి. కొన్ని ఫోన్లలో ఎన్‌కోడర్ మొరాయిస్తుంది, అప్పుడు అసలు ఫైలు మరీ పెద్దది కాకపోతే దాన్నే కాపీ చేసుకుని పంపి, సర్వర్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే వీడియో టూల్‌తో తగ్గించండి. ట్రాన్స్‌ఫార్మర్ నేరుగా యూఆర్‌ఐ నుంచే చదువుతుంది కాబట్టి వీడియోకి ముందు ప్రత్యేకంగా కాపీ అక్కర్లేదు, దాని అవుట్‌పుట్టే మీ కాపీ. అయితే యూజర్ తెర ముందు ఉండగానే ఆ పని మొదలుపెట్టాలి, "తర్వాత చేద్దాం" అంటే మళ్లీ చీటీ గడువు సమస్యకే వస్తారు. సర్వర్‌లో దాచేటప్పుడు ఫాస్ట్‌స్టార్ట్ ఆప్షన్ పెట్టండి, లేకపోతే ఎంపీ4 సూచిక ఫైలు చివర ఉండిపోయి వీడియో మొదలవడానికి చాలాసేపు పట్టొచ్చు.

అప్‌లోడ్‌కి వర్క్‌మేనేజర్ సరైన ఎంపికే, అది మార్చకండి. ఐదు ఫోటోలని ఒకేసారి పంపకుండా ఒక్కొక్కటి పంపండి. బలహీనమైన నెట్‌లో ఐదూ ఒకేసారి పోటీపడితే ఐదూ టైమవుట్ అవుతాయి, ఒక్కొక్కటైతే కనీసం రెండు చేరతాయి, చేరినవి చేరినట్టే ఉంటాయి. వీడియోని ముక్కలుగా పంపాలి. అమెజాన్ స్టోరేజ్ సర్వీస్ ఎస్3 మల్టీపార్ట్‌లో (ముక్కలుగా పంపే పద్ధతి) చివరి ముక్క తప్ప ప్రతి ముక్కా కనీసం 5 ఎంబీ ఉండాలి, 8 ఎంబీ వీడియోకి దానివల్ల పెద్ద లాభం లేదు. టస్ అనే ఓపెన్ ప్రోటోకాల్‌లో ముక్క సైజ్ మన ఇష్టం, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలవుతుంది, మీ యూజర్ల నెట్‌కి అదే నప్పుతుంది.

ఐఫోన్ వైపు పని తక్కువ. ఐఓఎస్ 14లో, అంటే 2020లో వచ్చిన పీహెచ్‌పికర్ వాడండి, స్విఫ్ట్‌యూఐ అయితే ఐఓఎస్ 16 నుంచి ఫోటోస్ పికర్ ఉంది. ఇది మీ యాప్ బయట వేరే ప్రాసెస్‌లో నడుస్తుంది కాబట్టి పర్మిషన్ అక్కర్లేదు. అనవసరంగా ఫోటో లైబ్రరీ ఆథరైజేషన్ అడిగే కోడ్ రాయకండి, చాలామంది పాత అలవాటుతో రాస్తారు. ఎంపిక పరిమితికి సున్నా ఇస్తే ఎన్నైనా ఎంచుకోవచ్చని అర్థం, మీరు 5 ఇవ్వండి. ఐఓఎస్ 15 నుంచి ఎంచుకున్న వరస కూడా అడగొచ్చు, మొదట ఎంచుకున్న ఫోటోయే ప్రకటన ముఖచిత్రం అవ్వాలంటే అది పనికొస్తుంది. ఇక్కడా చీటీ కథే, ఇంకా కఠినంగా: లోడ్ ఫైల్ రిప్రజెంటేషన్ ఇచ్చే తాత్కాలిక ఫైలు మీ కంప్లీషన్ బ్లాక్ (ఫైలు వచ్చాక నడిచే కోడ్) ముగియగానే చెరిగిపోతుంది. ఆ బ్లాక్ లోపలే, వేరే థ్రెడ్‌కి దూకకుండా, కాపీ చేసుకోవాలి. ఫోటోలు ఎక్కువగా హెచ్‌ఈఐసీలో (ఐఫోన్ వాడే ఫోటో ఫార్మాట్) వస్తాయి (2017లో ఐఓఎస్ 11 నుంచి అదే వాడుక), సర్వర్‌కి పంపేముందు జేపెగ్ చేయండి. సైజ్ తగ్గించడానికి యూఐఇమేజ్‌తో పూర్తిగా విప్పకుండా ఇమేజ్‌ఐఓలో థంబ్‌నెయిల్ తయారుచేసే ఫంక్షన్ వాడి గరిష్ఠ సైజ్ 1600 చెప్పండి, తిప్పే ఆప్షన్ కూడా అందులోనే ఉంది. ఐక్లౌడ్‌లో ఉన్నవి దిగడానికి టైమ్ పడుతుంది, పైన గూగుల్ ఫోటోస్‌కి చెప్పినదే ఇక్కడా.

ఫ్లట్టర్‌కి (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండిటికీ యాప్ రాసే సాధనం) మారితే ఇవన్నీ తప్పుతాయా అని చివర్లో అడిగారు. కొన్ని తప్పుతాయి, ఇమేజ్ పికర్ ప్యాకేజీ పికర్ తెరిచి కాపీ కూడా చేసి ఇస్తుంది. కానీ ఆండ్రాయిడ్‌లో యాక్టివిటీ చచ్చిపోయే సమస్య అక్కడా ఉంది, యాప్ మొదలైనప్పుడు రిట్రీవ్ లాస్ట్ డేటా పిలవాలి, అది మరిచిపోయిన ఫ్లట్టర్ యాప్‌లు నేను చాలా చూశాను. అదిచ్చే కాపీ క్యాష్‌లో ఉంటుంది, దాన్ని మీ ఫోల్డర్‌లోకి జరపాలి. దీనికోసమే అయితే మారకండి.

పంపేముందు టెస్ట్ చేసుకోవడానికి: డెవలపర్ ఆప్షన్స్‌లో "డోంట్ కీప్ యాక్టివిటీస్" ఆన్ చేసి ఫారం సగం నింపి పికర్‌కి వెళ్లి రండి. ఏరోప్లేన్ మోడ్ పెట్టి ఐదు ఫోటోలు ఎంచుకుని ప్రకటన పంపి, ఫోన్ రీస్టార్ట్ చేసి, అప్పుడు నెట్ ఆన్ చేయండి, ఐదూ సర్వర్‌కి చేరాలి. నిలువుగా తీసినది, అడ్డంగా తీసినది, తలకిందులుగా తీసినది మూడూ పెట్టి చూడండి. మీ దగ్గరున్న అన్నిటికన్నా చవక ఫోన్లో 50 మెగాపిక్సెల్ ఫోటోలు ఐదు పెట్టండి. ఈ రోజుకైతే మ్యానిఫెస్ట్‌లోంచి పర్మిషన్లు తీసి, పికర్ పెట్టి, కాపీ చేసే కోడ్ రాసి ఒక బిల్డ్ అన్ని ట్రాక్‌లకీ పంపండి, వీడియో కత్తిరింపు వచ్చే వెర్షన్‌లో చూసుకోవచ్చు. ప్లే నుంచి మళ్లీ తిరిగొస్తే మెర్జ్‌డ్ మ్యానిఫెస్ట్‌లో పర్మిషన్ల భాగం ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.